జనవరి 7న మన సిస్టర్లను తలుచుకోండి: విచారణ పెద్దలకు బహిరంగ లేఖ

రాయలసీమలోని కథోలిక విచారణల (పారిష్‌ల) గురువులకు (ఫాదర్లకు), విచారణ సంఘాల పెద్దలకు, ఉపదేశులకు, మరియదళ సభ్యులకు, యువజనులకు,

క్రీస్తునందు ప్రియమైన మీ అందరికీ వందనాలు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం వచ్చేసింది. ఇళ్లకు సున్నాలు పడుతున్నాయి. పిల్లలు వెదురు బద్దలు చీల్చి నక్షత్రాలు కడుతున్నారు. సెమీ క్రిస్మస్ ఏ రోజు జరపాలి, కేరల్స్ బృందం ఏ రాత్రి ఏ వీధికి వెళ్లాలి అని మీరు కూర్చుని మాట్లాడుకునే రోజులివి. పండుగ దాటాక రాస్తే ప్రయోజనం ఉండదని ఈ లేఖ ఇప్పుడే రాస్తున్నాను. ఆ మాటల మధ్య దీనికీ ఒక పది నిమిషాలు ఇవ్వండి.

నేను కడప జిల్లా బద్వేలు ప్రాంతం వాడిని. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మా చెల్లెలు మఠకన్య, అంటే సిస్టర్. నర్సు చదువు పూర్తిచేసి, నిత్య మాటపట్టు (జీవితాంతం మఠంలో ఉంటానన్న ప్రమాణం) చేసి, ఇథియోపియా దక్షిణ ప్రాంతంలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో సేవ చేస్తోంది. ఇది ఆమె ఒక్కదాని గురించి రాస్తున్నది కాదు. కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో పుట్టి దూరదేశాల్లో సేవ చేస్తున్న గురువులూ మఠకన్యలూ ఉన్నారు. మీ విచారణ జ్ఞానస్నాన పుస్తకంలో పేరున్నవారే, మీ పీఠం ముందు మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకున్నవారే. తమ కోసం వాళ్లు ఏమీ అడగరు. అందుకని ఇంటివాళ్లమే అడగాలి.

డిసెంబరు 25 ఇథియోపియాలో పండుగ రోజు కాదు. అక్కడి క్రైస్తవులు యేసు జననాన్ని జనవరి 7న జరుపుకుంటారు. దాన్ని గెన్నా అంటారు. 1582లో పోపు పదమూడవ గ్రెగరీ సరిదిద్దిన పంచాంగం ఐరోపా మీదుగా మన దాకా వచ్చింది. ఇథియోపియా తన పాత పంచాంగాన్నే నిలుపుకుంది. పదమూడు నెలల ఏడాది వారిది. మనం 2025 జనవరిలో ఉన్నప్పుడు వారికి 2017 నడిచింది. రోజులో గంటలను కూడా సూర్యోదయం నుంచి లెక్కిస్తారు, మనకు ఉదయం ఏడు గంటలైతే వారికి ఒంటిగంట. ఆర్థడాక్సు సంఘమే కాదు, అక్కడి ప్రొటెస్టెంట్లూ కథోలికులూ ఎక్కువమంది జనవరి 7నే పాటిస్తారు.

మన డిసెంబరు 25 వారికి ఉపవాసాల మధ్యలో వచ్చే మామూలు పనిరోజు. నవంబరు చివరి వారం నుంచి గెన్నా ముందురోజు దాకా, నలభై రోజులకు పైగా, ఆర్థడాక్సు కుటుంబాలు మాంసం, పాలు, వెన్న, గుడ్లు ముట్టవు. నిష్ఠగా ఉండేవారు మధ్యాహ్నం దాటేవరకు ఏమీ తినరు. ప్రవక్తలు రక్షకుని కోసం ఎదురుచూసిన కాలాన్ని తలుచుకుంటూ చేసే ఉపవాసం అది. ఆ రోజుల్లో ప్రతి ఇంటా శనగపిండిలాంటి పప్పుపిండితో ఉడికించే షిరో అనే కూర, టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి దానితో పోసే ఇంజెరా అనే రొట్టె. మా చెల్లెలికి దోసె బాగా ఇష్టం కాబట్టి ఇంజెరాతో ఇబ్బంది పడలేదు. షిరో కూడా ఆమె నోటికి మన ఇంటి రుచికి దగ్గరగానే తగిలిందట.

డిసెంబరు 25న ఆమె ఏం చేస్తుందో చెబుతాను. మఠంలో ఉన్న నలుగురు సిస్టర్లు వేకువనే లేచి, చిన్న ప్రార్థన గదిలో కూర్చుని కాసేపు ప్రార్థించుకుంటారు. మన నడిరాత్రి పూజ వారికీ మనసులో ఉంటుంది. తర్వాత ఎవరి పనికి వారు వెళతారు. ఆరోగ్య కేంద్రం బయట అప్పటికే మనుషులు వరుసకట్టి ఉంటారు. జ్వరాలు, కాన్పులు, కాలిన గాయాలు, బరువు తగ్గిన పసిపిల్లలు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఉపవాసం ఉంటే మఠంలో మాత్రం కోడి కూర వండుకోవడం ఆమెకు నచ్చదు, వండుకోరు కూడా. ఆ రోజు తెల్లవారకముందే మన ఫోన్లు మొదలవుతాయి. నడిరాత్రి పూజ ముగించుకుని ఒంటిగంటన్నరకు ఒకరు, ఉదయం ఆరింటికి ఇంకొకరు. మన ఆరు గంటలు వారికి తెల్లవారుజామున మూడున్నర. పండుగ శుభాకాంక్షలు, కొత్తబట్టల ఫొటోలు, అలంకరించిన పశువుల పాక, భోజనాల పంక్తి అన్నీ ఆమె ఫోనులోకి వచ్చి పడతాయి. అవి ప్రేమతో పంపేవే. ఆమె వాటన్నిటినీ రాత్రి పనంతా ముగిశాక ఒక్కొక్కటిగా చూసుకుంటుంది.

పదమూడు రోజుల తర్వాత ఆమె పండుగ వస్తుంది. ఆ రోజు ఇక్కడి నుంచి ఒక్క ఫోను ఉండదు.

మన తప్పు కూడా కాదు, మనకు ఆ రోజు గుర్తుండదు, అంతే. జనవరి 7 నాటికి మన నక్షత్రాలు దిగిపోతాయి. పశువుల పాక బొమ్మలు పెట్టెల్లోకి వెళతాయి. వీధుల్లో సంక్రాంతి సందడి మొదలవుతుంది. అక్కడ మాత్రం జనవరి 6 రాత్రి చీకటి పడగానే తెల్లటి నూలు శాలువాలు కప్పుకుని ఊరంతా దేవాలయానికి నడుస్తుంది. తెల్లవార్లూ పెద్ద డప్పులు, చేతిలో గలగలలాడే లోహపు వాద్యాలు, నిలబడి పాడే కీర్తనలు. లాలిబెలా అనే ఊళ్లో రాతిని తొలిచి కట్టిన పదకొండు దేవాలయాలు ఉన్నాయి, ఆ రాత్రికి అక్కడికి దేశమంతటి నుంచి యాత్రికులు నడిచి వస్తారు. పొద్దున్న ఉపవాసం విడుస్తారు. ఉల్లిపాయలను నూనె లేకుండా గంటల తరబడి వేయించి, ఎర్రకారం, వెన్న, కోడిమాంసం, ఉడికించిన గుడ్లు కలిపి చేసే దోరో వత్ అనే కూర లేకుండా గెన్నా గడవదు. మగపిల్లలు వంకర కర్రలతో కొయ్యబంతిని కొడుతూ ఆడే ఆట పేరు కూడా గెన్నానే. రక్షకుడు పుట్టాడన్న వార్త విని గొర్రెల కాపరులు సంతోషంతో ఆడిన ఆట అదేనని వాళ్లు చెప్పుకుంటారు. కాఫీ గింజలను ఇంటిముందే వేయించి, దంచి, కాచి, వచ్చినవారికి మూడుసార్లు పోస్తారు. మూడో గిన్నె తాగకుండా లేవడం మర్యాద కాదు.

మా చెల్లెలు ఆ ఇళ్లన్నిటికీ తిరుగుతుంది. తాను కాన్పు చేసిన పిల్లలను ఎత్తుకుంటుంది. మూడు గిన్నెల కాఫీ తాగుతుంది, మళ్లీ పక్కింట్లో ఇంకో మూడు. ఆ పండుగలో ఆమెకు లోటేమీ లేదు, వాళ్లు ఆమెను ఇంటి మనిషిలా చూసుకుంటారు. సాయంత్రం మఠానికి తిరిగివచ్చాక ఈ సంతోషం మా అమ్మకు చెప్పాలనిపిస్తుంది, మా విచారణ గురువుకు, చిన్నప్పుడు తనకు జపమాల నేర్పిన ఉపదేశికి చెప్పాలనిపిస్తుంది. వాళ్లు ఆ రోజు ఎదురుచూడరు కనుక, ఎవరి పనుల్లో వాళ్లు ఉంటారని ఆగిపోతుంది. ఈ సంగతి ఆమె నాతో ఫిర్యాదుగా చెప్పలేదు. మాటల సందర్భంలో దొర్లింది. అప్పటి నుంచి నాకు ఈ లేఖ రాయాలని ఉంది.

వేరేవారి తేదీని గౌరవించడం కడపవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. రంజాన్ నెలవంక కనబడిందా లేదా అని మన వీధుల్లో హిందువులూ క్రైస్తవులూ కూడా అడిగి తెలుసుకుంటారు. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరుని గుడికి ముస్లింలు వచ్చి దర్శనం చేసుకునే ఆచారం మన పట్టణంలోనే ఉంది. అమీన్ పీర్ దర్గా ఉరుసుకు ఏ మతంవారైనా వెళతారు. పక్కింటివారి పండుగ వారి చంద్రుని బట్టి వస్తుందని తెలిసి, ఆ రోజే వెళ్లి పలకరించే మనం, మన ఆడబిడ్డ పండుగను మాత్రం మన గోడ మీది క్యాలెండరు బట్టే చూస్తున్నాం. ఆమె అక్కడికి వెళ్లి వారి పంచాంగంలోకి మారింది. వారితోపాటు ఉపవాసం ఉంటోంది, వారితోపాటే విడుస్తోంది. దేవుని కుమారుడు మనుషుల మధ్యకు వచ్చి మనుషుల అన్నం తిన్నాడన్నదే ఈ పండుగకు మూలమైతే, ఆమె చేస్తున్నది దానికి చాలా దగ్గరగా ఉంది. ఆమెను పంపిన సంఘంగా మనం ఆ మేరకైనా కదలాలి.

డిసెంబరు 3న పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (ఫ్రాన్సిస్ జేవియర్) ఉత్సవం ఏటా చేసుకుంటాం. 1552లో చైనా తీరాన ఒక దీవిలో, ఆ దేశంలో అడుగుపెట్టే అవకాశం కోసం ఎదురుచూస్తూ ఆయన కన్నుమూశారు. సముద్రాలు దాటిన ఆ మహనీయుడు ఐరోపాలోని తన సోదర గురువులు రాసిన ఉత్తరాల్లోంచి వారి సంతకాలను కత్తిరించి, మెడలో కట్టుకుని తిరిగారు. నాకు ఆయన చేసిన అద్భుతాలకన్నా ఈ ఒక్క విషయమే ఎక్కువగా మనసుకు పడుతుంది. వేదవ్యాపకులకు (మిషనరీలకు) స్వదేశం నుంచి వచ్చే నాలుగు అక్షరాలు ఎంత అవసరమో అంతకన్నా గట్టిగా ఎవరూ చెప్పలేరు. ఆయనతోపాటు మిషనులకు పాలక పునీతురాలిగా 1927లో ప్రకటితురాలైన చిన్న తెరేజమ్మ తన మఠం గోడ దాటనే లేదు. చైనాకు వెళ్లే ఒక గురువుకూ ఆఫ్రికాకు సిద్ధమవుతున్న మరో యువకుడికీ ఉత్తరాలు రాసి, వారి కోసం ప్రార్థించింది. ఇరవై నాలుగేళ్లకే చనిపోయిన ఆ అమ్మాయి మిషను సేవలో సగం అదే. దేశం దాటనక్కరలేదు, ఉత్తరం రాయడం మన చేతిలో ఉన్న పని.

అక్టోబరులో మిషన్ ఆదివారం నాడు మనం కానుకలు వేస్తాం. అది మంచి పని, తప్పకుండా వేయాలి. అయితే ఆ డబ్బు ఏ దేశానికో వెళ్లే డబ్బుగా మిగిలిపోతోంది, మన ఊరి నుంచి వెళ్లిన మనిషితో దానికి ముడి పడటం లేదు. ఆ ముడి వేయడానికి క్రిస్మస్ కాలంకన్నా మంచి సమయం లేదు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఉమ్మడి కడప జిల్లాలో కువైట్ వెళ్లినవారు లేని ఊరు తక్కువ. బద్వేలు, రాయచోటి, రాజంపేట వైపు వీధికి నలుగురైదుగురు గల్ఫ్‌లో ఉంటారు. పండుగకు కొడుకో కూతురో ఇంట్లో లేకపోవడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. కానీ కువైట్ బిడ్డ పండుగకు డబ్బు పంపుతుంది. ఆ డబ్బుతో అమ్మానాన్నలకు మందులు, ఇంటికి సున్నం, మనవళ్లకు బట్టలు వస్తాయి. మఠకన్య ఇంటికి అవి రావు, రాకూడదు కూడా. ఆమె చేసిన మాటపట్టుల్లో పేదరికం ఒకటి. ఆమె చేతికి వచ్చేదంతా మఠానిది. అది తెలిసే ఆమె తల్లిదండ్రులు ఆమెను ఇచ్చారు. ఆ ఇచ్చిన రోజు ఊరంతా దండలు వేసింది, గురువు ప్రసంగంలో ఆ తల్లిదండ్రులను పొగిడారు, విందు జరిగింది. తర్వాత ఆ తల్లిదండ్రులు ముసలివాళ్లయ్యారు.

మా అమ్మకు నేనున్నాను. ఆమెకు ఏ లోటూ రాకుండా చూసుకుంటున్నాను. అయినా క్రిస్మస్ వచ్చేసరికి ఆమె కర్జికాయలు చేయించి ఒక డబ్బా పక్కన పెడుతుంది, ముంబై మీదుగా వెళ్లే సిస్టర్లు ఎవరైనా ఉంటారేమో కనుక్కోమని నన్ను పంపుతుంది. దొరికితే సంతోషం, దొరకకపోతే ఆ డబ్బా వారం రోజులు అలాగే ఉంటుంది. కొడుకులు లేని ఇళ్లు, ఉన్న ఒక్క బిడ్డనే మఠానికిచ్చిన ఇళ్లు కూడా మన పల్లెల్లో ఉన్నాయి. ఆ ఇళ్లలో పండుగ పూట ఎవరు పలకరిస్తున్నారు? ఇంటిమీద నక్షత్రం ఎవరు కడుతున్నారు? కళ్లు కనబడని తండ్రిని నడిరాత్రి పూజకు ఎవరు తీసుకువెళ్తున్నారు? మన విన్సెంట్ డి పాల్ సభలు పేదలకు బియ్యం, దుప్పట్లు ఇస్తున్నాయి. ఈ తల్లిదండ్రుల దగ్గరకు మాత్రం దానం చేయడానికి వెళ్లకండి. వాళ్లు మన సంఘానికి ఇచ్చినవాళ్లు, మనం వారికి బాకీ ఉన్నవాళ్లం. కేరల్స్ బృందం ఊళ్లో మొదట ఆగే గడప వాళ్లదై ఉండాలి. పిల్లలు వాళ్లింటి మీద నక్షత్రం కట్టి రావాలి. పూజకు ఆటో వాళ్లింటి ముందు ఆగాలి. ఇందులో ఖర్చు పెద్దగా లేదు, ఎవరు చేయాలో ముందుగా అనుకోవడం ఉంది, అంతే.

ఇంకో మాట కొంచెం కటువుగానే చెబుతాను. సేవలో ఉన్నవారిని పండుగ సమయంలో ఫొటోల కోసం ఒత్తిడి చేయకండి. అక్కడి పిల్లలకు కొత్తబట్టలు ఇస్తున్నట్టు ఒకటి, జబ్బుపడిన బిడ్డ పక్కన నిలబడి ఒకటి అని అడుగుతారు. ఆ బిడ్డకు ఒక తల్లి ఉంటుంది, ఆ తల్లికి పరువు ఉంటుంది. మా చెల్లెలు అటువంటి ఫొటోలు తీయదు, అడిగినవారికి మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనాన్ని గర్వంగా అర్థం చేసుకున్నవారు ఉన్నారని తెలిసి నాకు చాలా బాధ కలిగింది. ఎంతమంది మారారు, ఎంతమంది జ్ఞానస్నానం తీసుకున్నారు అని అడగడం కూడా అంతే. ఆమె అక్కడికి అప్పటికే పదహారు వందల ఏళ్లుగా క్రైస్తవం ఉన్న దేశానికి వెళ్లింది. నాలుగో శతాబ్దంలోనే అక్కడి అక్సుం రాజ్యపు రాజు ఎజానా క్రీస్తును నమ్మాడు. అప్పుడు మన ఊళ్లకింకా ఆ వార్తే చేరలేదు. ఆమె పని రోగులకు సేవ చేయడం, వాళ్లతో కలిసి ప్రార్థించడం. అడగాలనుకుంటే ఆమె ఎలా ఉందో అడగండి, నిద్ర సరిపోతోందా అని అడగండి.

మన నేల మీదికి కూడా ఒకనాడు ఇలాగే పరదేశీయులు వచ్చారు. 1822లో లండన్ మిషన్ వారు కడపలో స్థిరపడినప్పుడు, సూయజ్ కాలువ ఇంకా లేదు. ఆఫ్రికా చుట్టి వచ్చే ఓడలో ఇంటి ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది. వారి డిసెంబరు 25లు ఈ ఎండనేల మీద ఎవరి పలకరింపూ లేకుండా గడిచి ఉంటాయి. ఆ మిషన్ వారి జమ్మలమడుగు ఆసుపత్రిలో ఎందరి తాతముత్తాతలు మందు తీసుకున్నారో ఆ ఊరివాళ్లను అడగండి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశానికి వచ్చారు, 1969లో అనంతపురం చేరారు, 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. ఆయన సమాధి బత్తలపల్లిలో ఉంది, ఏ మతంవారైనా అక్కడ దండం పెట్టి వెళతారు. ఆయన అనంతపురం కరువును తన కరువు అనుకున్నారు. ఆ బాకీ తీర్చే అవకాశం ఇప్పుడు మన బిడ్డల ద్వారా మనకు దొరికింది. తీసుకునే ఊళ్లుగా ఉన్న మనం పంపే ఊళ్లమయ్యాం. పంపే ఊరి బాధ్యతలు మనం ఇంకా నేర్చుకోవాలి.

అందుకని ఈ ఆగమన కాలంలోనే ప్రతి విచారణలో, ఆ విచారణ నుంచి బయటి దేశాలకు వెళ్లినవారి పేర్లు, వారు ఉన్న దేశం, అక్కడ క్రీస్తు జయంతి జరిగే తేదీ ఒక కాగితం మీద రాసి దేవాలయం గుమ్మం దగ్గర అంటించండి. ఇథియోపియా అయితే జనవరి 7. ఈజిప్టులోని కోప్టు క్రైస్తవుల మధ్య ఉన్నవారికీ అదే తేదీ. మిగతా దేశాల సంగతి ఆయా కుటుంబాలను అడిగితే చెబుతారు. ఆ రోజు ఉదయపు దివ్యపూజలో విశ్వాసుల ప్రార్థనల్లో వారి పేరు చదవండి. సండే స్కూలు పిల్లలతో తెలుగులో ఉత్తరాలు రాయించండి, ఇప్పుడే పోస్టు చేయిస్తే జనవరికి చేరే అవకాశం ఉంది. అచ్చు కార్డులు వద్దు, పిల్లల చేతిరాత కావాలి. ఊళ్లో వాన పడిందా, చెరువు నిండిందా, బడిలో కొత్త పంతులు ఎవరు, ఎవరింట్లో పెళ్లి జరిగింది, అవే రాయమనండి. చాలా ఏళ్లుగా చుట్టూ తెలుగు మాట వినబడని మనిషికి ఆ కబుర్ల విలువ వేరు.

ఫోను చేసేవారు జనవరి 7 సాయంత్రం మన టైము ఆరు గంటల ప్రాంతంలో చేయండి. అక్కడ మధ్యాహ్నం మూడున్నర అవుతుంది. రాత్రంతా పూజలో నిలబడి, పొద్దున్న ఇళ్లు తిరిగి, కాస్త నడుం వాల్చి లేచే వేళ అది. కేంద్రంలో కాన్పు ఉంటే ఎత్తరు, కరెంటు లేకపోయినా ఎత్తరు. అప్పుడు మరుసటి రోజు మళ్లీ చేయండి. ఇథియోపియాలో ఉన్న మన సిస్టర్ల నంబర్లు వారి ఇళ్లలో దొరుకుతాయి. వెళ్లి అడిగితే ఆ పెద్దవాళ్లను పలకరించినట్టూ ఉంటుంది.

ఇట్లు,
ఒక మఠకన్య అన్న,
బద్వేలు ప్రాంతం, కడప జిల్లా